పాత కొయ్య పందెపు పడవను తొలి రూపానికి తేవడం

లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• పాత వస్తువు విషయంలో ‘తొలి రూపం’ అంటే ఏమిటో, దాన్ని ఏ ఆధారాలతో నిర్ణయిస్తారో వివరించగలుగుతారు.
• కొయ్య పడవ ఎక్కడెక్కడ, ఎందుకు పాడవుతుందో చెప్పగలుగుతారు.
• మరమ్మతు, పునరుద్ధరణ, కొత్తగా తయారు చేయడం మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
• అతుకు, జిగురు, వార్నిష్ వంటి పనుల్లో పాటించాల్సిన కొలతలను, జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

1. పరిచయం

హైటెక్ సిటీ నుంచి జూబ్లీహిల్స్ వైపు వెళ్ళే దారిలో దుర్గం చెరువు తీగల వంతెనను మీలో చాలామంది చూసే ఉంటారు. 2020 సెప్టెంబరులో ప్రారంభమైన ఈ వంతెనలో ఎత్తయిన స్తంభాల నుంచి ఏటవాలుగా దిగిన తీగలు రోడ్డు బరువును మోస్తాయి. తెరచాప పడవలో కూడా స్తంభం, తీగలు ఉంటాయి. కాని అక్కడ పని తిరగబడుతుంది. వంతెనలో స్తంభం తీగల ద్వారా రోడ్డును నిలబెడితే, పడవలో అడుగుభాగం తీగల ద్వారా స్తంభాన్ని నిలబెడుతుంది. తీగలను బిగించిన చోట కొయ్య పుచ్చిపోయి ఉంటే, పైన వార్నిష్ ఎంత మెరుస్తున్నా, గట్టి గాలి వీచిన రోజున స్తంభం కూలిపోతుంది.

పాత పడవ పునరుద్ధరణలో ఉన్న చిక్కంతా ఈ ఉదాహరణలో కనిపిస్తుంది. పడవ చూడటానికి పాతకాలపు పడవలా ఉండాలి, నీళ్ళలో నమ్మకంగా నడవాలి, దాని చరిత్ర చెరిగిపోకూడదు. ఈ మూడింటినీ ఒకేసారి సాధించడం తేలిక కాదు. ఒకదాని కోసం తొందరపడితే మిగిలిన రెండూ దెబ్బతింటాయి.

ఐ.టి. కారిడార్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న హుస్సేన్‌సాగర్ 16వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల కాలంలో తవ్వించిన చెరువు. నేడు అది దేశంలో పేరున్న తెరచాప పందేల వేదికల్లో ఒకటి. వానాకాలపు గాలుల్లో ఇక్కడ ‘హైదరాబాద్ సెయిలింగ్ వీక్’ జరుగుతుంది. సైన్యానికి చెందిన ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్ దీని నిర్వహణలో ముఖ్యపాత్ర వహిస్తుంది. ఇప్పుడు మీకు అక్కడ కనిపించే లేజర్, ఆప్టిమిస్ట్ వంటి పడవలు ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌తో చేసినవి. కాని ఆప్టిమిస్ట్‌ను 1947లో మొదట రూపొందించింది ప్లైవుడ్‌తోనే. ఫైబర్‌గ్లాస్ వ్యాపించక ముందు చిన్న పందెపు పడవలన్నీ కొయ్యవే. అలాంటి పడవ ఒకటి ఏ గోదాములోనో దుమ్ము కింద దొరికితే దాన్ని ఏం చేయాలి? ఈ యూనిట్‌లో ఆ ప్రశ్నకు జవాబు క్రమంగా తెలుసుకొందాం.

మీకు పడవలతో ఎప్పుడూ పని పడకపోవచ్చు. అయినా ఇక్కడ చెప్పిన పద్ధతి మీ ఊళ్ళోని పాత రథానికి, మండువా ఇంటి గుమ్మానికి, తాతల నాటి పెట్టెకు కూడా వర్తిస్తుంది. పండగకో పెళ్ళికో వేసిన ఎనామిల్ రంగు కింద ఎన్ని చెక్కడాలు పూడుకుపోయాయో గమనిస్తే ఈ పాఠం అవసరం మీకే అర్థమవుతుంది.

2. ఉదాహరణగా ఒక పడవ: ఎంటర్‌ప్రైజ్

మన చర్చకు ఎంటర్‌ప్రైజ్ అనే తరగతి పడవను ఉదాహరణగా తీసుకొందాం. ఇంగ్లండుకు చెందిన జాక్ హోల్ట్ దీన్ని రూపొందించాడు. న్యూస్ క్రానికల్ అనే దినపత్రిక ప్రోత్సాహంతో ఇది 1956లో ప్రజల ముందుకు వచ్చింది. సొంతంగా పడవ కొనలేని మధ్యతరగతి వాళ్ళు కూడా ఇంట్లోనే ప్లైవుడ్‌తో కట్టుకోగలగాలన్నది దీని వెనక ఉన్న ఆలోచన. పొడవు సుమారు 4 మీటర్లు, వెడల్పు సుమారు 1.6 మీటర్లు, అడుగుభాగం బరువు సుమారు 90 కిలోలు. ఇద్దరు నడుపుతారు. ఒక పెద్ద తెరచాప, ముందు ఒక చిన్న తెరచాప ఉంటాయి. లేత నీలిరంగు తెరచాపలు దీనికి గుర్తు. దూరం నుంచి చూసినా ఇది ఏ తరగతి పడవో ఆ నీలిరంగు చెప్పేస్తుంది.

ఈ తరగతి భారతదేశంలోనూ బాగా ఆదరణ పొందింది. హుస్సేన్‌సాగర్ మీదా ఈ పడవల పందేలు జరిగాయి. 1978 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లోను, 1982లో మన దేశం నిర్వహించిన ఆసియా క్రీడల్లోను ఎంటర్‌ప్రైజ్ ఒక పోటీ విభాగం.

‘తరగతి’ అనే మాటను ఇక్కడ కొంచెం వివరంగా అర్థం చేసుకోవాలి. ఒక తరగతికి చెందిన పడవలన్నీ ఒకే కొలతలతో ఉండాలి. అప్పుడే గెలుపు పడవది కాక, నడిపినవాళ్ళది అవుతుంది. అందువల్ల ప్రతి పడవను కొలిచి, ధ్రువపత్రం ఇచ్చి, ఒక సంఖ్య కేటాయిస్తారు. ఆ సంఖ్య తెరచాప మీద కనిపిస్తుంది. చాలా తరగతుల్లో దాన్ని పడవ కొయ్య మీద కూడా చెక్కుతారు. కాబట్టి పందెపు పడవ విషయంలో తొలి రూపం అంటే రంగు ఒక్కటే కాదు. కొలత, ఆకారం, బరువు, సంఖ్య కూడా ఆ రూపంలో భాగాలే.

3. ‘తొలి రూపం’ అంటే ఏ రూపం?

ఒక పడవకు అరవై ఏళ్ళ వయసుందనుకోండి. తయారైన రోజున దానికి కొయ్య స్తంభం, వార్నిష్ వేసిన పైభాగం ఉండవచ్చు. పదేళ్ళ తరవాత యజమాని అల్యూమినియం స్తంభం పెట్టించి ఉండవచ్చు. ఆ తరవాత ఎవరో వార్నిష్ గీకే ఓపిక లేక పైన తెల్ల రంగు వేసి ఉండవచ్చు. ఇందులో తొలి రూపం ఏది?

సాధారణంగా మూడు జవాబులు వస్తాయి. మొదటిది, తయారైన రోజు రూపం. రెండోది, ఆ పడవ పేరు తెచ్చుకొన్న నాటి రూపం. మూడోది, మార్పులన్నిటితో సహా ఇప్పుడున్న రూపం. మూడింటిలో ఏదైనా ఎంచుకోవచ్చు. కాని ఎంచుకొన్నది ఏదో, ఎందుకో ముందే రాసి పెట్టుకోవాలి. లేకపోతే స్తంభం ఒక కాలానిది, రంగు మరొక కాలానిది, బిగింపులు ఇంకొక కాలానివిగా మారి, ఎన్నడూ లేని పడవ ఒకటి తయారవుతుంది.

ఈ నిర్ణయం ఎంత సూక్ష్మమైనదో రెండు ప్రసిద్ధ ఉదాహరణలు చూపిస్తాయి.

ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్‌లో ఉన్న హెచ్.ఎం.ఎస్. విక్టరీ 1765లో నీళ్ళలోకి దిగిన యుద్ధనౌక. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో అది నెల్సన్ నౌక. పునరుద్ధరణలో దాన్ని 1805 నాటి రూపానికి తేవాలని నిర్ణయించారు. దశాబ్దాలుగా దాని పట్టీలకు ముదురు పసుపు రంగు వేస్తూ వచ్చారు, జనం అదే అసలు రంగు అనుకొన్నారు. రంగు పొరలను సూక్ష్మదర్శినితో పరిశీలించినప్పుడు ట్రఫాల్గర్ నాటి రంగు అంతకంటే చాలా లేతదని, కొంచెం గులాబీ ఛాయ ఉన్నదని తేలింది. 2015లో నౌకకు ఆ రంగే వేశారు. అలవాటైన రంగు, అసలు రంగు ఒకటి కాకపోవచ్చని దీనివల్ల తెలుస్తుంది.

రెండోది జిప్సీ మాత్ 4. ఫ్రాన్సిస్ చిచెస్టర్ 1966–67లో ఒంటరిగా భూగోళాన్ని చుట్టి వచ్చిన కొయ్య పడవ అది. పలచని చెక్క పొరలను జిగురుతో అంటించి దీన్ని కట్టారు. యాత్ర తరవాత దాన్ని గ్రీనిచ్‌లో నీరు లేని గుంటలో సందర్శకుల కోసం నిలిపారు. సముద్రాలను తట్టుకొన్న పడవ ఆ ప్రదర్శనలో దశాబ్దాల పాటు ఎండావానలకు పాడయింది. చివరికి దాన్ని బాగు చేసి 2005లో మళ్ళీ నీళ్ళలోకి దించారు. యువతీ యువకులను ఎక్కించుకొని సురక్షితంగా నడవాలి కాబట్టి ఆధునిక పరికరాలు కొన్ని చేర్చారు. అంటే, రూపం పాతది, వాడుక నేటిది. వాడుకలో ఉంచడం కూడా ఒక రకమైన పరిరక్షణే.

కట్టడాల పరిరక్షణకు సంబంధించిన 1964 నాటి వెనిస్ ఒడంబడిక ఈ విషయంలో ఒక హద్దు గీసింది. ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగాలన్నది దాని సారాంశం. నడుస్తున్న సంప్రదాయ నౌకల కోసం ఐరోపాలో తరవాత తయారైన బార్సిలోనా ఒడంబడిక కూడా ఈ భావన మీదే ఆధారపడింది. ఆధారం ఉన్నంతవరకే ముందుకు వెళ్ళాలి. ఆధారం లేని చోట నచ్చినట్టు పూరించి దాన్ని ‘అసలు’ అనకూడదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ జవాబులను ఈ యూనిట్ చివర ఇచ్చిన జవాబులతో సరిచూసుకోండి.
(అ) పందెపు పడవ తొలి రూపంలో రంగు కాక ఇంకా ఏమేమి చేరతాయి?
(ఆ) విక్టరీ నౌక ఉదాహరణ వల్ల మీరు తెలుసుకొన్నది ఏమిటి?

4. ఆధారాలు సేకరించడం

పడవ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని ఉప్పుకాగితం పట్టుకోవడం. పునరుద్ధరణలో అంతకంటే పెద్ద నష్టం లేదు. గీకిన రంగు పొర తిరిగి రాదు. అరవై ఏళ్ళ ఆధారం ఒక్క మధ్యాహ్నంలో దుమ్మయిపోతుంది. అందువల్ల మొదటి పని చూడటం, రెండోది రాసుకోవడం.

ఆధారాలు మూడు చోట్ల దొరుకుతాయి.

(i) కాగితాల్లో: కొలతల ధ్రువపత్రం, క్లబ్బు రిజిస్టర్లు, తరగతి నిబంధనల పాత ప్రతులు, రూపకర్త గీసిన పటాలు.

(ii) ఫొటోల్లో: నలుపు తెలుపు ఫొటో రంగు చెప్పదు. అయినా వార్నిష్ వేసిన భాగమేదో, రంగు వేసిన భాగమేదో చెబుతుంది. బిగింపులు ఎక్కడ ఉండేవో, తాళ్ళు ఎటు వెళ్ళేవో చూపిస్తుంది.

(iii) పడవలోనే: ఇది అన్నిటికంటే నమ్మదగిన సాక్ష్యం. ఒక బిగింపును విప్పితే దాని కింద ఎండ తగలని పాత రంగు కనిపిస్తుంది. పూడ్చిన మరమేకు రంధ్రాలు పూర్వం అక్కడ ఏదో ఉండేదని చెబుతాయి. తాడు ఒరుసుకొన్న గాడి అది ఏ దారిన నడిచిందో చూపిస్తుంది.

రంగు పొరలను చదవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. అంతగా కనబడని చోట, ఐదు రూపాయల బిళ్ళంత స్థలాన్ని సన్నని ఉప్పుకాగితంతో తడిపి, మధ్యలో ఎక్కువగా, అంచుల్లో తక్కువగా రుద్దాలి. అప్పుడు పొరలు చెట్టు మొద్దు మీద వలయాల్లా ఒకదాని చుట్టూ ఒకటి బయటపడతాయి. అన్నిటికంటే లోపలి వలయం సాధారణంగా అస్తరు పూత, దాని పైది మొదటి రంగు. రెండు పొరల మధ్య సన్నని మురికి గీత ఉంటే, ఆ రెంటికీ నడుమ పడవ కొంతకాలం వాడుకలో ఉందని అర్థం. నూనె కలిసిన రంగులు చీకట్లో పసుపెక్కుతాయి. కాబట్టి బయటపడిన పొరను కొన్నాళ్ళు వెలుగు తగలనిచ్చి, ఆ తరవాతే రంగు నమూనాతో పోల్చాలి.

రాసుకొనే పద్ధతిలో ఐ.టి. కారిడార్ అలవాటు ఒకటి బాగా పనికివస్తుంది. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ప్రతి మార్పునూ తేదీతో, కారణంతో నమోదు చేస్తారు. పాత ప్రతిని చెరపకుండా దాస్తారు. పడవ విషయంలోనూ అంతే. ఏ భాగం విప్పారు, ఏ రోజున విప్పారు, ఏ స్థితిలో ఉంది, ఎక్కడ పెట్టారు అన్నవి ఒక పుస్తకంలో రాయాలి. ప్రతి భాగానికీ ఒక సంఖ్య చీటీ కట్టాలి. ఫోన్‌తో చుట్టూ తిరుగుతూ ఒకదాని మీద ఒకటి కొంత కలిసేలా తీసిన ఫొటోల నుంచి కంప్యూటర్ మీద త్రీడీ నమూనా తయారు చేయవచ్చు. పని మొదలుపెట్టక ముందు పడవ ఎలా ఉందో చెప్పడానికి అది మంచి సాక్ష్యం.

5. నష్టాన్ని గుర్తించడం

ముందుగా పడవను సరిగ్గా నిలబెట్టాలి. ఏళ్ళ తరబడి రెండు ఇటుకల మీద పడి ఉన్న పడవ వంగిపోయి ఉండవచ్చు. ఆ వంపు మీదే మరమ్మతు చేస్తే వంపు శాశ్వతమవుతుంది. కొలతలు సరిచూసి, అడుగుభాగం ఆకారానికి తగిన ఆధారాల మీద ఉంచి, ఆ తరవాతే భాగాలు విప్పాలి. పైభాగాన్ని, లోపలి చట్రాలను ఒకేసారి ఊడదీయకూడదు. ఆకారాన్ని పట్టి ఉంచేవి అవే.

కొయ్య పుచ్చడానికి కారణం శిలీంధ్రం. కొయ్యలో తేమ సుమారు 20 శాతం దాటి చాలాకాలం నిలిస్తేనే అది పెరుగుతుంది. ఉప్పునీరు శిలీంధ్రాన్ని కొంత అడ్డుకొంటుంది. మంచినీరు అడ్డుకోదు. అందుకే చాలా పడవలు సముద్రం వల్ల కంటే, లోపల నిలిచిన వాననీటి వల్లే పుచ్చుతాయి. గాలి ఆడని మూలలు, స్తంభం కూర్చొనే దిమ్మ, వెనక పలక మూలలు, అడుగు పలక దిగే గూడు చుట్టూ ఉన్న అతుకు, తీగలు బిగించిన చోట్లు మొదట చూడాల్సినవి.

పరీక్షలు తేలికైనవే. మరమేకుల సాధనం పిడితో కొయ్యను మెల్లగా తడుతూ వెళ్ళండి. గట్టి కొయ్య టక్కుమని మోగుతుంది. పుచ్చిన కొయ్య, పొరలు విడిపోయిన ప్లైవుడ్ బొద్దుగా పలుకుతాయి. కుమ్మరి కుండను తట్టి చూసినట్టే ఇదీ. అనుమానం వచ్చిన చోట సన్నని మొనతో గుచ్చాలి. మొన సులువుగా దిగితే కొయ్య చచ్చినట్టు.

ప్లైవుడ్‌లో రెండు రకాల నష్టాలుంటాయి. పొరల మధ్య జిగురు వదలడం ఒకటి, కొయ్యే పుచ్చడం రెండోది. చూడటానికి ఒకేలా ఉన్నా చికిత్స వేరు. మొదటి దాంట్లో కొయ్య బాగుంటే, ఎండబెట్టి, జిగురు ఎక్కించి, బిగించి నిలబెట్టవచ్చు. రెండో దాంట్లో పుచ్చిన భాగం తీసేయాల్సిందే.

హైదరాబాదు వాతావరణం కొయ్యకు కఠినమైనది. ఏప్రిల్, మే నెలల్లో గాలి బాగా పొడిబారి కొయ్య కుంచించుకుపోతుంది. జూన్‌లో వానలు రాగానే ఉబ్బుతుంది. ఏటా జరిగే ఈ కదలికలో అతుకులు వదులవుతాయి, వార్నిష్ సన్నగా చిట్లుతుంది, ఆ చీలికల్లోంచి నీరు దిగుతుంది. చెదలు ఇంకో శత్రువు.

లోహాలనూ చూడాలి. ఇత్తడి మరమేకు పసుపు పోయి గులాబీ రంగులోకి మారితే అందులోని జింక్ కరిగిపోయిందని అర్థం. అది పైకి బాగానే కనిపించి, తిప్పితే విరుగుతుంది. అందువల్ల నీళ్ళలో ఉండే భాగాలకు ఇత్తడి కంటే కంచు మంచిది.

6. మరమ్మతు: తక్కువ తీయడం, సరిగ్గా అతకడం

పరిశీలన ముగిశాక భాగాలన్నిటినీ మూడు జాబితాలుగా రాయండి: అలాగే ఉంచాల్సినవి, బాగు చేయాల్సినవి, మార్చక తప్పనివి. మూడో జాబితా ఎంత చిన్నదైతే పునరుద్ధరణ అంత మంచిది. అది మొదటి రెండింటినీ మించిపోతే, మీరు చేస్తున్నది పాత పడవకు నకలు. నకలు చేయడం తప్పు కాదు, కాని దాన్ని పాత పడవ అని చెప్పడం తప్పు.

కొయ్య ఎంపిక: పాత కొయ్య జాతినే వాడటం ఉత్తమం. టేకు మన్నికకు 1817లో బొంబాయిలో కట్టిన ట్రింకోమలీ యుద్ధనౌక మంచి ఉదాహరణ. అది పునరుద్ధరణ పొంది, ఇంగ్లండులోని హార్ట్‌ల్‌పూల్‌లో ఇప్పటికీ తేలుతోంది. అయితే టేకులో సహజంగా నూనె ఉంటుంది. జిగురు పట్టాలంటే అతికే ముఖాన్ని అసిటోన్‌తో తుడిచి వెంటనే అతకాలి. ఏ కొయ్య అయినా చేవ భాగాన్నే తీసుకోవాలి.

ప్లైవుడ్: మన దేశంలో మెరైన్ ప్లైవుడ్‌కు ఐ.ఎస్. 710 ప్రమాణం ఉంది. గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్ల వంటగదుల్లో వాడేది ఎక్కువగా ఈ పేరుతో అమ్మే ప్లైవుడే. ఈ ప్రమాణం ప్రకారం నమూనాను 72 గంటల పాటు మరిగే నీటిలో ఉంచే పరీక్షకు జిగురు తట్టుకోవాలి. పలక మీద ముద్ర చూసి ఊరుకోక, అంచు కోసి లోపలి పొరల్లో ఖాళీలు ఉన్నాయేమో చూడండి. ఒక చిన్న ముక్కను కొన్ని గంటలు మరిగించి పొరలు విడుతున్నాయేమో గమనించండి. వంటగదిలో ఖాళీ ఉన్నా నష్టం తక్కువ. పడవ వంపులో ఆ ఖాళీ దగ్గరే పలక విరుగుతుంది.

అతుకు: కొత్త ముక్కను పాతదానికి ఎదురెదురుగా ఆనించి జిగురు పెడితే అది నిలవదు. రెండు అంచులనూ ఏటవాలుగా చిత్రిక పట్టి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టి అతకాలి. జిగురు పట్టే ముఖం పెరగడమే ఇందులోని బలం. ప్లైవుడ్‌కు వాలు పొడవు సాధారణంగా మందానికి 8 రెట్లు, స్తంభం వంటి వాటికి 12 రెట్లు ఉండాలి.

ఉదాహరణ: ప్లైవుడ్ మందం 6 మిల్లీమీటర్లు అయితే, వాలు పొడవు 6 × 8 = 48 మిల్లీమీటర్లు. స్తంభం కొయ్య మందం 40 మిల్లీమీటర్లు అయితే, 40 × 12 = 480 మిల్లీమీటర్లు, అంటే దాదాపు అర మీటరు.

ఈ లెక్కను ముందే వేసుకోవాలి. చిన్న మచ్చ తీయడానికి చుట్టూ ఎంత మంచి కొయ్య కోయాల్సి వస్తుందో అప్పుడే తెలుస్తుంది.

జిగురు: 1950లు, 60లలో చిన్న పడవలకు యూరియా ఫార్మాల్డిహైడ్ రకం జిగుర్లు ఎక్కువగా వాడారు. కాలం గడిచే కొద్దీ అవి పెళుసెక్కుతాయి. ఇప్పుడు నిర్మాణపు అతుకులకు ఎపాక్సీ వాడవచ్చు, అది కంటికి కనిపించదు. కాని అడుగుభాగం మొత్తాన్ని ఎపాక్సీతో, గ్లాస్ గుడ్డతో కప్పేయడం మంచిది కాదు. తేమ లోపలే ఉండిపోతే కొయ్య కనబడకుండా పుచ్చుతుంది. బరువు పెరిగి పందెంలో వెనకబడుతుంది. పైగా ఆ పనిని తరవాత ఎవరూ వెనక్కు తీసుకోలేరు.

గుర్తు: కొత్తగా చేర్చిన ప్రతి ముక్క లోపలి వైపు తేదీ రాయండి. బయటి నుంచి తేడా కనబడకూడదు. వెతికినవాళ్ళకు మాత్రం దొరకాలి.

బిగింపులు: పాత లోహపు బిగింపుల్లో కొన్ని పోయి ఉంటే, మిగిలిన జంటను త్రీడీ స్కాన్ చేసి, అచ్చు తీసి, కంచుతో పోత పోయించవచ్చు. రాయదుర్గంలో 2023లో ప్రారంభమైన టి-వర్క్స్ వంటి నమూనాల తయారీ కేంద్రాలు ఇలాంటి అవసరాలకు తగిన యంత్రాలను అందుబాటులోకి తెచ్చాయి.

యంత్రం అచ్చు తీసి ఇవ్వగలదు. పలకను వంపుకు తగ్గట్టు కూర్చోబెట్టేది మాత్రం వడ్రంగి చెయ్యే. గోదావరి ముఖద్వారం దగ్గర కోరంగి, తాళ్ళరేవు ప్రాంతంలో కొయ్య ఓడలు, పడవలు కట్టే పని తరతరాలుగా ఉంది. ఒకప్పుడు కోరంగి ఓడల మరమ్మతుకు పేరుపొందిన రేవు. ఫైబర్‌గ్లాస్, ఉక్కు వచ్చాక ఆ పనివాళ్ళకు పని తగ్గింది. ఒక పాత పడవను బాగుచేయించడమంటే ఆ నేర్పుకు ఇంకొక పని దొరకడం కూడా. పరిరక్షణలో వస్తువుతో పాటు విద్య కూడా నిలవాలి అనే మాటకు అర్థం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) 9 మిల్లీమీటర్ల మందం ఉన్న ప్లైవుడ్‌కు ఏటవాలు అతుకు పొడవు ఎంత ఉండాలి?
(ఆ) అడుగుభాగం మొత్తాన్ని గ్లాస్ గుడ్డతో కప్పడం ఎందుకు మంచిది కాదు?

7. వార్నిష్, రంగు, తెరచాప

చూసేవాళ్ళకు కనిపించేది ఈ చివరి పనే. దీని మన్నిక మాత్రం అంతకుముందు చేసిన పనుల మీద ఆధారపడుతుంది.

వార్నిష్‌కు శత్రువు సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్న హైదరాబాదులో ఎండ తీవ్రత ఎక్కువ. అందువల్ల ఇంట్లో తలుపులకు వేసే వార్నిష్ కాక, ఆ కిరణాలను తట్టుకొనే పడవ వార్నిష్ వాడాలి. మొదటి పూత బాగా పలచగా వేస్తే కొయ్యలోకి ఇంకుతుంది. ఆపైన ఆరేడు పూతలు, ప్రతి రెంటి మధ్య సన్నని ఉప్పుకాగితంతో రుద్దడం అవసరం. ఒకే మందపు పూత ఆరు పలచని పూతలకు సాటి రాదు.

కాలం ఎంపిక ముఖ్యం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. ఉదయం మంచు ఆరిన తరవాత మొదలుపెట్టి, మధ్యాహ్నానికి ముగించాలి. నేరుగా ఎండలో వేస్తే బుడగలు వస్తాయి. సాయంత్రం వేస్తే మంచు పడి మెరుపు పోతుంది. నిర్మాణాల దుమ్ము నిండిన చోట నేలను నీటితో తడిపి, మూసిన షెడ్డులో పని చేయాలి.

రంగు వేసే భాగాల్లో లప్పం ఎక్కువగా పూసి అద్దంలా చేయాలన్న ఆశ వద్దు. 1950ల నాటి ఇంటి వడ్రంగం అద్దంలా ఉండేది కాదు. చిత్రిక జాడ ఉన్న చోట అది ఉండనివ్వండి.

తెరచాపలు గుడ్డతో చేసినవి కాబట్టి తొందరగా అరుగుతాయి. పాతవి దొరికితే వాటిని వాడకుండా, మడతలు పడకుండా చుట్టి దాచాలి. వాటి కొలత, కుట్టు, నీలి ఛాయ చూసి కొత్తవి కుట్టించాలి. పడవ సంఖ్యను మార్చకూడదు. పడవ గుర్తింపు అదే.

8. భద్రత

పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసాన్ని 90 పి.పి.ఎం.కు పరిమితం చేసిన నిబంధనలు 2016లోనే వచ్చాయి. అందువల్ల పాత పొరలను పొడిగా రుద్దకూడదు, తడిపి రుద్దాలి. తగిన మాస్కు, చేతి తొడుగులు వేసుకోవాలి. పిల్లలను, గర్భవతులను ఆ చోటికి రానివ్వకూడదు. ఎపాక్సీ చర్మానికి పదే పదే తగిలితే ఎలర్జీ వస్తుంది. అది ఒకసారి వస్తే జీవితాంతం ఉండవచ్చు.

నీళ్ళలోకి దించే ముందు పడవకు తేలే సామర్థ్యం ఉందో లేదో పరీక్షించాలి. బోల్తా పడి నీరు నిండినా పడవ, ఇద్దరు మనుషులను పట్టుకొని తేలాలి. పాత గాలి సంచులు, పెట్టెలు కారుతుంటే వాటిని మార్చాలి. ఇక్కడ తొలి రూపం కంటే ప్రాణం ముఖ్యం. నడిపేవాళ్ళు లైఫ్ జాకెట్ వేసుకోవాలి. తీగలు, వాటి బిగింపులు పాతవైతే, అందంగా ఉన్నా, కొత్తవి వేయాలి. తీసిన పాతవాటిని చీటీ కట్టి దాచాలి.

9. సారాంశం

పాత కొయ్య పందెపు పడవను తొలి రూపానికి తేవడమంటే కొత్తదానిలా మెరిపించడం కాదు. ఏ కాలపు రూపానికి తేవాలో ముందు నిర్ణయించాలి. ఆ నిర్ణయానికి కాగితాలు, ఫొటోలు, పడవ స్వయంగా ఇచ్చే సాక్ష్యాలు ఆధారం కావాలి. ఆధారం లేని చోట ఆగాలి. నష్టాన్ని తట్టి, గుచ్చి గుర్తించి, తక్కువ తీసి, సరైన వాలుతో అతకాలి. కొత్తగా చేసిన ప్రతి పనీ తరవాతివాళ్ళు గుర్తించేలా, వీలైతే వెనక్కు తీసుకొనేలా ఉండాలి. కంటికి కనిపించే రూపం, లోపలి బలం, పడవ చరిత్ర ఈ మూడూ నిలిచినప్పుడే అది పునరుద్ధరణ. మీ ఇంట్లోనో, ఊళ్ళోనో ఉన్న పాత కొయ్య వస్తువుకు ఈసారి రంగు వేయాలని ఎవరైనా అన్నప్పుడు, ముందుగా ఐదు రూపాయల బిళ్ళంత చోట పొరలు చూడమని చెప్పండి.

10. కీలక పదాలు

తరగతి: ఒకే కొలతలు, ఒకే నిబంధనలతో తయారయ్యే పందెపు పడవల సమూహం.
అస్తరు: రంగు పట్టడానికి ముందుగా వేసే పూత.
చేవ: చెట్టు కాండం లోపలి గట్టి భాగం.
ఏటవాలు అతుకు: రెండు అంచులను వాలుగా చెక్కి ఒకదానిపై ఒకటి అతికే పద్ధతి.
పునరుద్ధరణ: ఆధారాలను బట్టి వస్తువును ఒక నిర్ణీత కాలపు రూపానికి తేవడం.

11. ‘మీ ప్రగతిని పరీక్షించుకోండి’ – జవాబులు

1. (అ) కొలత, ఆకారం, బరువు, పడవ సంఖ్య. (ఆ) చాలాకాలంగా అలవాటైన రంగు అసలు రంగు కాకపోవచ్చు, పొరలను పరిశీలించి నిర్ణయించాలి.
2. (అ) 9 × 8 = 72 మిల్లీమీటర్లు. (ఆ) తేమ లోపల చిక్కుకొని కొయ్య పుచ్చుతుంది, బరువు పెరుగుతుంది, చేసిన పనిని వెనక్కు తీసుకోలేం.

12. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. ‘తొలి రూపం’ అనే భావనను తగిన ఉదాహరణలతో చర్చించండి.
2. కొయ్య పడవలో నష్టాన్ని గుర్తించే పద్ధతులను, మరమ్మతు సూత్రాలను వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో జవాబులు రాయండి.
1. రంగు పొరలను చదివే పద్ధతిని వివరించండి.
2. హైదరాబాదు వాతావరణం కొయ్య మీద చూపే ప్రభావాన్ని రాయండి.
3. మీ ఊళ్ళోని ఒక పాత కొయ్య వస్తువును ఎంచుకొని, అలాగే ఉంచాల్సినవి, బాగు చేయాల్సినవి, మార్చక తప్పనివి అనే మూడు జాబితాలు తయారు చేయండి.